సోర్స్ నుంచి బిల్డ్ చేసినవాటి లెక్క ఎలా ఉంచాలి? ఎలా తీసేయాలి?

#1 నల్లతెర
లినక్స్ డిస్ట్రో రిపాజిటరీలో (ప్యాకేజీల భండారంలో) పాత వెర్షన్ ఉంటుంది, మనకు కొత్తది కావాలి. టార్‌బాల్ (సోర్స్ కోడ్ మూట) దించుకుని కాన్ఫిగర్, మేక్, సుడో మేక్ ఇన్‌స్టాల్ అంటాం. అక్కడితో పని అయిపోయినట్టే ఉంటుంది గానీ, ఏ ఫైలు ఎక్కడికి వెళ్లిందో ఆ తర్వాత ప్యాకేజీ మేనేజర్‌కు తెలియదు. మూడు సంగతులు తేల్చుకోవాలనుకుంటున్నాను.

తీసేయడానికి మేక్ అన్‌ఇన్‌స్టాల్‌ను నమ్మొచ్చా? కొత్త వెర్షన్‌ను పాతదాని మీదే వేసేయొచ్చా? /యూఎస్ఆర్/లోకల్ నిండా ఏది దేనిదో తెలియని ఫైళ్లు ఇప్పటికే ఉంటే వాటిని ఎలా విడదీయాలి?

సిస్టమ్ డెబియన్ 12, 64 బిట్. వేరే డిస్ట్రోల వాళ్లు చెప్పినా ఉపయోగమే.

#2 కొలిమి
మొదటిదానికి జవాబు: నమ్మొద్దు. ఆటోమేక్ (మేక్‌ఫైళ్లను తయారుచేసే టూల్) వాడిన ప్రాజెక్టులకు అన్‌ఇన్‌స్టాల్ టార్గెట్ దానంతటదే వస్తుంది. చేత్తో రాసిన మేక్‌ఫైళ్లలో చాలాసార్లు అసలుండదు. ఉన్నా సరే, అదే వెర్షన్ సోర్స్ ఉండాలి, అప్పుడు ఇచ్చిన ప్రిఫిక్సే (ఇన్‌స్టాల్ అయ్యే చోటు) ఇప్పుడూ ఇవ్వాలి. కొత్త వెర్షన్ మేక్‌ఫైల్‌తో పాతదాన్ని తీయబోతే, పాతదాంట్లో మాత్రమే ఉన్న ఫైళ్లు అలాగే మిగిలిపోతాయి.

సీమేక్ అనే బిల్డ్ టూల్ అయితే అన్‌ఇన్‌స్టాల్ టార్గెట్‌ను తనంతట తాను ఇవ్వదు. కానీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు బిల్డ్ డైరెక్టరీలో ఇన్‌స్టాల్_మానిఫెస్ట్.టీఎక్స్‌టీ అనే ఫైలు రాసిపెడుతుంది. పెట్టిన ప్రతి ఫైలు పేరూ అందులో ఉంటుంది. సోర్స్ చెరిపేసినా ఆ ఒక్క ఫైలునూ దాచుకోండి. మీసన్ అనే ఇంకో బిల్డ్ టూల్‌లో నింజా అన్‌ఇన్‌స్టాల్ పనిచేస్తుంది, అదీ బిల్డ్ డైరెక్టరీ ఉన్నంతవరకే.

రెండోదానికీ జవాబు వద్దనే. కొత్త వెర్షన్‌లో ఒక హెడర్ ఫైలు తీసేశారనుకోండి. పాతది /యూఎస్ఆర్/లోకల్/ఇంక్లూడ్‌లో అలాగే ఉంటుంది. జీసీసీ కంపైలర్ ఆ డైరెక్టరీని /యూఎస్ఆర్/ఇంక్లూడ్ కన్నా ముందు వెతుకుతుంది. ఆర్నెల్ల తర్వాత దీనితో ఏ సంబంధమూ లేని ఇంకో ప్రోగ్రాం బిల్డ్ అవుతూ ఆ పాత హెడర్‌ను చదువుతుంది, లింక్ చేసేచోట అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటూ ఆగిపోతుంది. తప్పు కొత్త ప్రోగ్రాందని అనుకుంటాం. పాత ప్లగిన్ ఫైళ్లదీ ఇదే తంతు: కొత్త ప్రోగ్రాం వాటిని లోడ్ చేసుకుని కూలిపోతుంది.

లెక్క ఇన్‌స్టాల్ చేశాక రాసేది కాదు, చేయకముందే చేతికి రావాలి. అందుకు దారి డెస్ట్‌డిర్.

#3 చిట్టాపద్దు
కొలిమి గారు అన్న డెస్ట్‌డిర్‌నూ ప్రిఫిక్స్‌నూ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ, కాబట్టి కాస్త విడమరుస్తాను.

ప్రిఫిక్స్ అంటే ప్రోగ్రాం చివరికి కాపురం ఉండే చోటు. కాన్ఫిగర్ చేసేటప్పుడే అది బైనరీలోకి ఎక్కుతుంది: ప్లగిన్లు ఎక్కడ వెతకాలి, అనువాదాల ఫైళ్లు ఎక్కడున్నాయి, సెట్టింగుల ఫైలు ఎక్కడ చదవాలి అన్నీ దాన్నిబట్టే. డెస్ట్‌డిర్ అంటే ఇన్‌స్టాల్ అడుగులో మాత్రమే ఆ దారికి ముందు తగిలించే తాత్కాలిక డైరెక్టరీ. బైనరీకి దాని ఊసే తెలియదు.

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=/యూఎస్ఆర్/లోకల్ --సిస్‌కాన్ఫ్‌డిర్=/ఈటీసీ
మేక్ -జె4
మేక్ డెస్ట్‌డిర్=/టీఎంపీ/స్టేజ్ ఇన్‌స్టాల్
ఫైండ్ /టీఎంపీ/స్టేజ్ -నాట్ -టైప్ డీ

మూడో వరుసలో సుడో లేదు, గమనించండి. అది కావాలనే. కొన్ని మేక్‌ఫైళ్లు డెస్ట్‌డిర్‌ను పట్టించుకోకుండా నేరుగా /యూఎస్ఆర్/లోకల్‌లో రాయబోతాయి. మామూలు యూజర్‌గా ఉంటే పర్మిషన్ డినైడ్ అని అక్కడే ఆగుతుంది, మేక్‌ఫైల్ సరిగ్గా లేదని మీకు తెలుస్తుంది. రూట్‌గా ఉంటే చప్పుడు చేయకుండా రాసేస్తుంది.

సిస్‌కాన్ఫ్‌డిర్ ఇవ్వకపోతే సెట్టింగుల దారి /యూఎస్ఆర్/లోకల్/ఈటీసీ అవుతుంది, /ఈటీసీలో మీరు చేసే మార్పులు దానికి కనపడవు. ఏ ఆప్షన్లతో కాన్ఫిగర్ చేశారో మర్చిపోతే కాన్ఫిగ్.లాగ్ మొదటి కొన్ని వరుసల్లోనే మొత్తం కమాండ్ ఉంటుంది. బిల్డ్ డైరెక్టరీ చెరిపే ముందు ఆ ఫైలును కూడా పక్కన పెట్టుకోండి, వచ్చే వెర్షన్‌కు అదే ఆధారం.

#4 గూటిపక్షి
స్టేజ్‌లో పడ్డవాటిని /యూఎస్ఆర్/లోకల్‌కు చేర్చడానికి గ్నూ స్టో చాలు. ఒక్కో వెర్షన్‌కు ఒక్కో డైరెక్టరీ, బయట కనిపించేవన్నీ సింలింకులు (అసలు ఫైలు ఎక్కడుందో చూపించేవి).

సుడో సీపీ -ఏ /టీఎంపీ/స్టేజ్/యూఎస్ఆర్/లోకల్ /యూఎస్ఆర్/లోకల్/స్టో/ఫూ-1.4
సుడో చౌన్ -ఆర్ రూట్:రూట్ /యూఎస్ఆర్/లోకల్/స్టో/ఫూ-1.4
సీడీ /యూఎస్ఆర్/లోకల్/స్టో
సుడో స్టో -ఎన్ -వీ ఫూ-1.4
సుడో స్టో ఫూ-1.4

రెండో వరుస మరవొద్దు. స్టేజ్‌లో ఫైళ్లన్నీ మీ యూజర్ పేరు మీద ఉంటాయి. అలాగే చేర్చేస్తే, మీ యూజర్‌గా నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని మార్చగలదు, రేపు వాటినే రూట్ నడుపుతుంది. చౌన్ చేస్తే (అంటే యజమానిని మారిస్తే) సెట్‌యూఐడీ బిట్, అంటే ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడిపించే గుర్తు, ఎగిరిపోతుంది. అది నిజంగా అవసరమైన ప్రోగ్రాం అయితే సీహెచ్‌మాడ్‌తో మళ్లీ పెట్టుకోవాలి. ఈ ఉదాహరణలో /ఈటీసీకి వెళ్లాల్సినవి స్టోలోకి రావు, వాటిని చేత్తో విడిగా చేర్చాలి.

నాలుగో వరుసలోని -ఎన్ ఏమీ చేయకుండా, ఏం చేయబోతోందో మాత్రం చూపిస్తుంది. తీసేయడానికి స్టో -డీ ఫూ-1.4 (డీ పెద్దక్షరం). కొత్త వెర్షన్ వస్తే పాతదాన్ని -డీతో విప్పి కొత్తదాన్ని కట్టాలి. నచ్చకపోతే వెనక్కి వెళ్లడం కూడా అంతే, రెండు కమాండ్లు.

రెండుచోట్ల దెబ్బ తగులుతుంది. ఒకటి షేర్/ఇన్ఫో/డిర్ అనే ఫైలు: ఇన్ఫో పత్రాలున్న ప్రతి ప్యాకేజీ దాన్ని తయారుచేస్తుంది కాబట్టి రెండో ప్యాకేజీ దగ్గర స్టో కాన్‌ఫ్లిక్ట్ అంటుంది. స్టో చేసే ముందు ప్యాకేజీ డైరెక్టరీలోంచి దాన్ని చెరిపేయండి. రెండోది ఫోల్డింగ్. ఒక డైరెక్టరీ ఒకే ప్యాకేజీకి చెందితే స్టో లోపలి ఫైళ్లకు కాకుండా ఏకంగా డైరెక్టరీకే సింలింక్ పెడుతుంది. తర్వాత వేరే ప్రోగ్రాం అందులో ఏదైనా రాస్తే అది వెళ్లి ఫూ-1.4 కడుపులో పడుతుంది. ప్లగిన్లు చేరే డైరెక్టరీలున్న ప్యాకేజీలకు --నో-ఫోల్డింగ్ ఇవ్వండి.

#5 కొలిమి
స్టో మంచిదే, కానీ డెబియన్ మీద అది సగం పరిష్కారం. దానికి డిపెండెన్సీలు (ఏది దేనిమీద ఆధారపడుతుందో) తెలియవు. మీరు బిల్డ్ చేసినది లిబ్‌ఏబీసీ.ఎస్ఓ.5ను వాడుతుందనుకుందాం. డెబియన్ అప్‌గ్రేడ్‌లో ఆ లైబ్రరీ ఎస్ఓ.6 అవుతుంది, ఎవరికీ అవసరం లేదని ఆటోరిమూవ్ పాతదాన్ని తీసేస్తుంది. మీ ప్రోగ్రాం మర్నాడు లేవదు.

అదే .డెబ్ (డెబియన్ ప్యాకేజీ ఫైలు) కట్టి ఉంటే డీపీకేజీ-ఎస్‌హెచ్‌లిబ్‌డెప్స్ బైనరీని చూసి ఏయే లైబ్రరీలు కావాలో డిపెండ్స్ వరుసలో రాస్తుంది. అప్పుడు ఆప్ట్ ఆ లైబ్రరీని తీసే ముందు మీ ప్యాకేజీ సంగతి చెబుతుంది. కట్టడమూ కష్టం కాదు. రిపాజిటరీలో పాత వెర్షన్ ఉందంటే ప్యాకేజీ కట్టే సూచనలుండే డెబియన్ డైరెక్టరీ సిద్ధంగా ఉన్నట్టే. సోర్సెస్ లిస్టులో డెబ్-ఎస్ఆర్‌సీ వరుస ఉండేలా చూసుకుని:

సుడో ఆప్ట్ బిల్డ్-డెప్ ఫూ
ఆప్ట్ సోర్స్ ఫూ
(ఆ సోర్స్ డైరెక్టరీలోకి వెళ్లి) డీసీహెచ్ --లోకల్ +లోకల్
డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్ -యూఎస్ -యూసీ -బీ

బిల్డ్-డెప్ ఒక్కటి చేసినా సగం తలనొప్పి పోతుంది. కాన్ఫిగర్ ఒక్కో -డెవ్ ప్యాకేజీ లేదని ఆగడం, మనం ఒక్కోటీ వెతకడం అనే వరుస ఉండదు. ఫెడోరాలో దీనికి డీఎన్ఎఫ్ బిల్డ్‌డెప్ ఉంది, అక్కడ హెడర్ ప్యాకేజీల పేర్లు -డెవెల్‌తో ముగుస్తాయి.

#6 వేరుకొస
కొలిమి గారూ, ఆ +లోకల్ తోకతో ఒక ప్రమాదం ఉంది, చెప్పకపోతే ఎవరైనా ఇరుక్కుంటారు. డెబియన్ 12లో సెక్యూరిటీ అప్‌డేట్లు సాధారణంగా 1.2-1+డెబ్12యూ1 లాంటి వెర్షన్‌తో వస్తాయి. మీది 1.2-1+లోకల్1. పోల్చేటప్పుడు డీపీకేజీ అక్షరాల వరుస చూస్తుంది, ఎల్ అక్షరం డీ తర్వాతది. అంటే మీదే పెద్ద వెర్షన్. సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినా ఆప్ట్ మీకు ఇవ్వదు, ఇవ్వలేదని చెప్పదు కూడా.

ముందే ఇలా పరీక్షించుకోండి:

డీపీకేజీ --కంపేర్-వెర్షన్స్ 1.2-1+లోకల్1 జీటీ 1.2-1+డెబ్12యూ1 && ఎకో పెద్దది

అధికారిక అప్‌డేట్ రాగానే అదే మీ ప్యాకేజీ స్థానంలోకి రావాలంటే తోకకు +ఏ1 లాంటిది పెట్టండి, అది +డెబ్ కన్నా చిన్నది. మీ ప్యాచ్ పోకూడదంటే, ప్యాకేజీని అప్‌డేట్ కాకుండా ఆపే ఆప్ట్-మార్క్ హోల్డ్ వాడండి. కానీ అప్పుడు ఆ ప్యాకేజీ సెక్యూరిటీ ప్రకటనలు కనిపెట్టుకుని ఉండే బాధ్యత పూర్తిగా మీదే.

#7 కొలిమి
నిజమే, ఇది నేనే చెప్పి ఉండాల్సింది. హోల్డ్‌లో ఏమున్నాయో ఆప్ట్-మార్క్ షోహోల్డ్ చూపిస్తుంది. అప్పుడప్పుడు చూసుకోవాలి.

#8 నల్లతెర
చెక్‌ఇన్‌స్టాల్ సంగతేంటి? మేక్ ఇన్‌స్టాల్ బదులు అది కొడితే .డెబ్ దానంతటదే వస్తుందంటారు కదా.

#9 చిట్టాపద్దు
వస్తుంది గానీ లోపాలున్నాయి. అది ఎల్‌డీ_ప్రీలోడ్ ద్వారా ఫైళ్లు రాసే పిలుపులను మధ్యలో పట్టుకుని లెక్క రాస్తుంది. స్టాటిక్‌గా లింక్ అయిన టూల్ ఏదైనా ఫైళ్లు పెడితే దాని కంట పడవు. డిపెండెన్సీలు మనం చేత్తో ఇస్తే తప్ప రాయదు. ఒక చిన్న ప్రోగ్రాంను వారం పాటు పరీక్షించడానికి సరే. నెలల తరబడి ఉండాల్సినదానికి వద్దు.

#10 మెట్టపొలం
ఆర్చ్ వాళ్లకు ఈ బాధ తక్కువ. పీకేజీబిల్డ్ అనేది బాష్ స్క్రిప్టే: సోర్స్ చిరునామా, హాష్, బిల్డ్ ఫంక్షన్, ప్యాకేజ్ ఫంక్షన్. ప్యాకేజ్ ఫంక్షన్‌లో మేక్ డెస్ట్‌డిర్="$పీకేజీడిర్" ఇన్‌స్టాల్ అని రాస్తాం, అంటే పైన చెప్పుకున్న స్టేజింగే. మేక్‌పీకేజీ -ఎస్ఐ కొడితే డిపెండెన్సీలు తెచ్చి, బిల్డ్ చేసి, ఆర్చ్ ప్యాకేజీ మేనేజర్ ప్యాక్‌మ్యాన్‌కు అప్పగిస్తుంది. రూట్‌గా నడపబోతే మేక్‌పీకేజీ ఒప్పుకోదు. ఎందుకో చిట్టాపద్దు గారు చెప్పినదే. ఫైళ్ల యాజమాన్యాన్ని ఫేక్‌రూట్ చూసుకుంటుంది, చౌన్ అవసరం ఉండదు.

జెంటూలో అయితే సోర్స్ నుంచి బిల్డ్ చేయడమే మామూలు పద్ధతి. దాని ప్యాకేజీ మేనేజర్ పోర్టేజ్ శాండ్‌బాక్స్‌లో బిల్డ్ చేసి, స్టేజ్‌లో పెట్టి, లెక్క రాసుకుని అప్పుడు అసలు సిస్టంలో కలుపుతుంది. 2023 డిసెంబర్ చివరి నుంచి బైనరీ ప్యాకేజీలు కూడా విస్తృతంగా ఇస్తున్నారు కాబట్టి పెద్ద బ్రౌజర్లకోసం గంటల తరబడి కాచుకోనక్కర్లేదు. మీ యూజ్ ఫ్లాగులు (ఏ సదుపాయాలు చేర్చాలో చెప్పే ఆప్షన్లు) వాటితో సరిపోవాలి, అంతే. లైబ్రరీ ఎస్ఓ మారినప్పుడు పాతదాన్ని ఉంచి, ఎమర్జ్ @ప్రిజర్వ్‌డ్-రీబిల్డ్ కొట్టమని చెబుతుంది. కొలిమి గారు స్టోకు లేదన్నది ఇదే.

#11 నల్లతెర
మూడో ప్రశ్న ఇంకా మిగిలింది. ఇప్పటికే కలగాపులగం అయిన /యూఎస్ఆర్/లోకల్?

#12 వేరుకొస
డెబియన్‌లో ఒక సౌలభ్యం ఉంది. పాలసీ ప్రకారం డెబియన్ ప్యాకేజీ ఏదీ /యూఎస్ఆర్/లోకల్‌లో ఫైలు పెట్టకూడదు, ఖాళీ డైరెక్టరీలు మాత్రం ఉండొచ్చు. కాబట్టి అక్కడున్న ప్రతి ఫైలూ మీరో, మీరు నడిపిన ఇన్‌స్టాలరో పెట్టినదే.

వాటిని గుంపులుగా చూడటానికి:

ఫైండ్ /యూఎస్ఆర్/లోకల్ -నాట్ -టైప్ డీ -ప్రింట్ఎఫ్ '%సీ+ %పీ\ఎన్' | సార్ట్

ఇక్కడ సీ పెద్దక్షరం, పీ చిన్నక్షరం. ఇది సీటైమ్ (ఫైలు వివరాలు చివరిసారి మారిన సమయం) వరుసలో చూపిస్తుంది. ఒకసారి చేసిన ఇన్‌స్టాల్ ఫైళ్లన్నీ కొన్ని సెకన్ల తేడాలో ఒకచోట కనబడతాయి. ఎంటైమ్ (ఫైలు లోపలి విషయం మారిన సమయం) చూడొద్దు. ఇన్‌స్టాల్ -పీ, సీపీ -ఏ లాంటివి పాత తేదీని అలాగే ఉంచుతాయి, లెక్క తప్పుతుంది. సీటైమ్‌ను అలా వెనక్కి తిప్పలేం. అయితే తర్వాత సీహెచ్‌మాడ్, చౌన్ చేసి ఉంటే అది కూడా మారిపోతుంది.

ఇంకా కచ్చితమైన దారి: వెర్షన్ తెలిస్తే అదే టార్‌బాల్ మళ్లీ దించి, అవే ఆప్షన్లతో బిల్డ్ చేసి, డెస్ట్‌డిర్ స్టేజ్‌లోకి ఇన్‌స్టాల్ చేయండి. స్టేజ్‌లో వచ్చిన జాబితానే అసలు సిస్టంలో తీసేయాల్సిన జాబితా. ఆర్ఎం చేసే ముందు జాబితాను కళ్లతో చదవండి. ఆ పేర్లలో మీరు మార్చుకున్న సెట్టింగుల ఫైళ్లు ఉండొచ్చు.

ఎవరైనా --ప్రిఫిక్స్=/యూఎస్ఆర్ ఇచ్చి డిస్ట్రో ఫైళ్ల మీదే రాసేసి ఉంటే డెబ్‌సమ్స్ -సీ మారిన ఫైళ్లను పట్టిస్తుంది. ఫెడోరా వైపు ఆర్‌పీఎం -వీఏ. ఏ ప్యాకేజీవో డీపీకేజీ -ఎస్‌తో (ఎస్ పెద్దక్షరం) తెలుసుకుని ఆప్ట్ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ చేస్తే అసలువి తిరిగొస్తాయి. అదనంగా పడ్డవి మాత్రం ఇందులో కనబడవు.

#13 గూటిపక్షి
పాత ప్రోగ్రాం తీసేశాక ఆ టెర్మినల్‌లోనే కమాండ్ కొడితే నో సచ్ ఫైల్ అంటుంది, విచ్ చూస్తేనేమో సరైన దారి చూపిస్తుంది. బాష్ పాత దారిని గుర్తుపెట్టుకోవడమే కారణం. హాష్ -ఆర్ కొట్టండి.

#14 నల్లతెర
ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) 3 సిరీస్‌ను సోర్స్ నుంచి పెడితే లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3 దొరకలేదని వస్తోంది. ఎల్‌డీకాన్ఫిగ్ (లైబ్రరీల జాబితాను తాజా చేసే కమాండ్) చేసినా అంతే.

#15 చిట్టాపద్దు
3.0 నుంచి 64 బిట్ లినక్స్‌లో దాని లైబ్రరీలు లిబ్64కు వెళ్తాయి. డెబియన్‌లో ఎల్‌డీకాన్ఫిగ్ వెతికే జాబితాలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఉంది, /యూఎస్ఆర్/లోకల్/లిబ్64 లేదు. అందుకే. కాన్ఫిగర్‌కు --లిబ్‌డిర్=లిబ్ ఇస్తే ఆ ఎర్రర్ పోతుంది.

కానీ దయచేసి అలా చేయకండి. /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ఆ జాబితాలో సిస్టమ్ లైబ్రరీల కన్నా ముందుంటుంది. డెబియన్ 12 సొంత ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కూడా ఎస్ఓ.3 పేరుతోనే ఉంది. మీది అక్కడ పడగానే కర్ల్, ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ సహా సిస్టంలో ఆ లైబ్రరీ వాడేవన్నీ మీ బిల్డ్‌ను పట్టుకుంటాయి. రేపు డెబియన్ భద్రతా లోపాన్ని సరిచేసినా మీ సిస్టమ్ పాత లైబ్రరీనే నడుపుతుంది.

దీన్ని /ఆప్ట్/ఓపెన్‌ఎస్ఎస్ఎల్-3 లాంటి విడి ప్రిఫిక్స్‌లో పెట్టండి. ఎల్‌డీకాన్ఫిగ్ జాబితాలో చేర్చొద్దు. దాన్ని వాడే ఒక్క ప్రోగ్రాంను మాత్రం పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌లో ఆ పీకేజీకాన్ఫిగ్ డైరెక్టరీ చూపించి, ఎల్‌డీఫ్లాగ్స్‌లో -డబ్ల్యూఎల్,-ఆర్‌పాత్,/ఆప్ట్/ఓపెన్‌ఎస్ఎస్ఎల్-3/లిబ్64 ఇచ్చి బిల్డ్ చేయండి. ఎల్‌డీడీతో చూస్తే ఏ లైబ్రరీ దొరికిందో తెలుస్తుంది.

ఇంకో మాట. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌డిర్ ఎక్కడ చూపిస్తే సర్టిఫికెట్లు అక్కడే వెతుకుతుంది, కొత్తగా పెట్టినదాంట్లో ఆ సర్ట్స్ డైరెక్టరీ ఖాళీ. ప్రతి సైటుకూ అన్‌ఏబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్ అని వస్తుంది. ఆ ఖాళీ డైరెక్టరీని తీసి, దాని చోట /ఈటీసీ/ఎస్ఎస్ఎల్/సర్ట్స్‌కు సింలింక్ పెట్టండి.

గ్లిబ్‌సీ (దాదాపు అన్ని ప్రోగ్రాంలూ వాడే సీ లైబ్రరీ) జోలికి మాత్రం ఈ పద్ధతుల్లో దేనితోనూ వెళ్లొద్దు. అది తేడా వస్తే ఎల్ఎస్ కూడా నడవదు.

#16 మెట్టపొలం
పైథాన్‌కూ ఇలాంటి జాగ్రత్తే. మేక్ ఇన్‌స్టాల్ కాదు, మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్. అప్పుడు పైథాన్3.12 లాంటి పూర్తి పేరు మాత్రమే వస్తుంది, పైథాన్3 అనే పేరు డిస్ట్రోకే ఉంటుంది. బిల్డ్ చేసే ముందు లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్, లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్, జెడ్‌లిబ్1జీ-డెవ్, లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్, లిబ్‌బీజెడ్2-డెవ్, లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ-డెవ్ ఉండాలి. లేకపోయినా మేక్ ఆగదు, చివర్లో ఫలానా మాడ్యూళ్లు బిల్డ్ కాలేదని నాలుగు వరుసలు రాసి ఊరుకుంటుంది. ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ లేని పైథాన్‌లో పిప్ ఏదీ దించలేదు.

#17 నల్లతెర
పెద్ద సీ++ ప్రాజెక్టు బిల్డ్ అవుతూ ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్: కిల్డ్, సీసీ1ప్లస్ అంటే కంపైలర్ బగ్ అనుకోవాలా?

#18 కొలిమి
కాదు, ర్యామ్ చాలక కెర్నెల్ చంపేసింది. డీమెసేజ్ చూడండి, అవుట్ ఆఫ్ మెమరీ అని ఉంటుంది. పెద్ద సీ++ కోడ్‌కు ఒక్కో జాబ్‌కు 2 జీబీ చొప్పున లెక్కేసుకోండి. కోర్లు 8 ఉన్నా ర్యామ్ 8 జీబీయే అయితే -జె4కు మించొద్దు. అంకె లేకుండా ఉత్త -జె ఇస్తే మేక్‌కు హద్దే ఉండదు, ఒకేసారి వందల జాబులు మొదలుపెడుతుంది.

-మార్చ్=నేటివ్ గురించి కూడా: ఒక మెషీన్ మీద అలా బిల్డ్ చేసిన ప్యాకేజీని పాత ప్రాసెసర్ ఉన్న ఇంకోదానికి తీసుకెళ్తే ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అని పడిపోతుంది. బిల్డ్ చేసిన మెషీన్ దాటని ప్యాకేజీకే ఆ ఫ్లాగ్.

#19 వేరుకొస
ఇన్నిటికన్నా ముందు టార్‌బాల్‌ను నమ్మొచ్చా అన్నది చూడాలి. ఎస్‌హెచ్ఏ256 హాష్ అదే సైటు నుంచి తెచ్చుకుంటే దించడంలో పాడు కాలేదని మాత్రమే తెలుస్తుంది. జీపీజీ సంతకం దానికన్నా నయం. అదీ చాలదని 2024 మార్చి 29న బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే టూల్) ఉదంతం చూపించింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ కోడ్ ఉంది. దాన్ని బిల్డ్‌లోకి ఎక్కించిన ఎం4 స్క్రిప్ట్ విడుదల టార్‌బాల్‌లో మాత్రమే ఉంది, గిట్ రిపాజిటరీలో లేదు. విడుదల చేసే అధికారం ఉన్న చేతుల మీదుగానే వచ్చింది కాబట్టి సంతకం కూడా సరిపోయింది.

అందుకని కీలకమైన లైబ్రరీలకు గిట్ ట్యాగ్ నుంచి తీసుకుని ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ నడిపి కాన్ఫిగర్‌ను మనమే తయారుచేసుకోవడం మేలు. టార్‌బాల్‌నూ ట్యాగ్‌నూ పక్కపక్కన పెట్టి డిఫ్ -ఆర్‌క్యూ చేస్తే ఏ ఫైళ్లు అదనంగా ఉన్నాయో కనిపిస్తుంది. కాన్ఫిగర్, మేక్‌ఫైల్.ఇన్ లాంటివి అదనంగా ఉండటం సహజం, మిగతావి తెరిచి చదవాలి.

#20 నల్లతెర
అలా టార్‌బాల్ విప్పి నా సొంత గిట్‌లో పెట్టుకుని క్లోన్ చేస్తే, మేక్ కొట్టగానే ఏక్‌లోకల్-1.16 మిస్సింగ్ అంటుంది. కాన్ఫిగర్ ముందే ఉంది కదా, ఏక్‌లోకల్ ఎందుకు?

#21 చిట్టాపద్దు
గిట్ ఫైళ్ల తేదీలను దాచదు. క్లోన్ చేసినప్పుడు అన్ని ఫైళ్లకూ ఆ క్షణమే తేదీ అవుతుంది, కాన్ఫిగర్.ఏసీ కాన్ఫిగర్ కన్నా రవ్వంత కొత్తదిగా కనబడొచ్చు. పాతబడిందనుకుని మేక్ దాన్ని మళ్లీ తయారుచేయబోతుంది, దానికి అదే వెర్షన్ ఆటోమేక్ (ఏక్‌లోకల్ అందులోదే) కావాలి. ఆటోమేక్ ఏ వెర్షన్ ఉన్నా ఆటోరీకాన్ఫ్ -ఎఫ్ఐ నడిపితే సరిపోతుంది. అది వద్దనుకుంటే ఈ వరుసలోనే టచ్ చేయండి: ముందు ఏక్‌లోకల్.ఎం4, తర్వాత కాన్ఫిగర్, కాన్ఫిగ్.హెచ్.ఇన్, మేక్‌ఫైల్.ఇన్‌లన్నీ. వరుస తప్పితే మళ్లీ అదే ఎర్రర్.